ఎడమచేతి దోస్తు

కొత్తగూడెం బజారులో రహీం తుపాకుల రిపేరు దుకాణం. రైఫిల్ సంచి ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు సవరయ్య. బొగ్గు గనిలో రిటైరైన మనిషి, చేలల్లో పడే అడవి పందులను కొట్టడానికి పర్మిషను ఉన్న షూటరు.

"నాకు కాదు రహీం భాయ్, ఎన్నిసార్లు చెప్పాలె? నా దోస్తుకు."

"దోస్తుకు."

"అవ్."

"ఎడమచేతి దోస్తుకు."

"అవ్ అంటున్న గద."

"సవరయ్యా, నీ పెండ్లి బరాత్‌ల చెప్పులు తెగేదాక ఎగిరిన మనిషిని నేను. నాకు తెల్వని దోస్తు నీకు ఎక్కడికెళ్లి వచ్చిండు?"

"ఎందుకుండరు? బొగ్గుబాయి దోస్తులు, చర్చి దోస్తులు..."

"చర్చిల తుపాకులు ఎప్పటిసంది కాలుస్తున్నరు?"

"నువ్వు పని చెయ్యవయ్యా, పంచాయితీ ఎందుకు? ఇగో రైఫిలు. ఈ భుజానికి ఆనే కట్టె తీసెయ్యి. ఎడమ భుజానికి కుదిరేటట్టు కొత్త కుందా కట్టు. బేస్తవారం లోపల కావాలె."

"బేస్తవారమా! పెండ్లికొడుకు షేర్వాణీ కూడ అంత జల్దీ కుట్టరు. చెక్క కొయ్యాలె, తొలవాలె, ఇనుము కూసునే కాడ ఎంట్రుక సందు కూడ లేకుండ కుదరాలె. సందుంటే గుండు ఇటు ఒకటి, అటు ఒకటి పోతది. తెల్వదా నీకు?"

"తెల్సు. అందుకే నీ కాడికొచ్చిన."

"మస్కా కొట్టకు. ఒక్క మాట చెప్పు. ఇది నీ రైఫిలు. నీ చేతికి, నీ మెడకు, నీ భుజానికి కొల్చి నేను కట్టిన రైఫిలు. దీన్ని వేరేటోని కొలతకు ఎందుకు మారుస్తున్నవు?"

"ఇచ్చేస్తున్న."

"ఇచ్చేస్తున్నవా! ఆ గోడ మీద ఫొటో చూడు. చూసినవా?"

"చూసిన చూసిన."

"పెనుబల్లి దిక్కు వాగు కాడ. ఈ ఒడ్డున నువ్వు, ఆ ఒడ్డు దాటి మక్క చేను చివర్ల పంది. అంత దూరం గుండు అందదంటరు. ఒకటే గుండు. రైఫిలు నేను కట్టిన, తూటా నా చేతుల నింపిన, గుండు నువ్వు కొట్టినవు. రైతులు నీ మెడల దండేసిండ్రు. పక్కన నీ ఇంటామె, మా చెల్లె సంపూర్ణ, పాపం, మూత లేని చాయ్ ఫ్లాస్కు పట్టుకొని నిలవడ్డది. వచ్చిన ప్రతి గిరాకీకి ఆ ఫొటో చూపెట్టి అడ్వాన్సు తీసుకుంటున్న నేను. ఇప్పుడొచ్చి రైఫిలు ఇచ్చేస్తున్న అంటవేంది?"

"ఫొటో ఫొటోనే ఉంటది గద. అదెవరు గుంజుకుంటున్నరు?"

"మాట మార్చకు. బేస్తవారం ఏముంది?"

"ఏన్కూరు కాడ ట్రయలు. పందులు కొట్టెటోళ్ల పేర్లు మళ్ల కొత్తగ రాస్తున్నరు. టార్గెటు పెట్టి ఆఫీసర్ల ముంగట కాల్పిస్తరు. తగిలితే పేరు ఉంటది, లేకపోతే లేదు."

"నీ పేరు ఉండనే ఉంది."

"తీయించుకున్న."

"ఏంది?"

"వయసైంది భాయ్."

"నీకన్న నేను పెద్ద. నేను దుకాణం మూసిన్నా? సరే, మరి మీ ఊర్లకు షూటరు ఎవరు?"

"నా దోస్తు. పాసైతే."

"కాకపోతే?"

"కాకపోతే ఎవ్వరు లేరు. లేకపోతే ఏమైతదో నీకు ఎరుకనే. మక్క కంకి పాలు పోసుకుంటుంది. పందులు ఒక్కసారి పడితే చేను చేనంత పాయె. రైతు ఊకుంటడా? మళ్ల చేను చుట్టు కరెంటు తీగలు గుంజుతడు."

"యా అల్లా. జస్టిన్ పోయినప్పటి లెక్క..."

"ఆ పేరెత్తకు."

"ఎత్తను. బంగారమసొంటి పిల్లగాడు. మోటరు ఏద్దామని పోయి, పందులకు పెట్టిన తీగ మీద కాలేసిండు. సంపూర్ణకు ఒక్కడే తమ్ముడు. ఇంకా ఏడుస్తనే ఉందా చెల్లె?"

"ఏడ్వదు. ఏడ్చుడు బంద్ చేసి చాన రోజులైంది."

"మంచిదే. ఏది, రైఫిలు ఇటియ్యి, చూస్త. తూటాలు లేవు గద లోపల?"

"నువ్వు నేర్పిన మనిషినే. ఖాళీ చేసి, చూపెట్టి, అప్పుడే సంచిల పెట్టిన."

"షాబాష్. ఇగ ఇది... ఆగు. ఇదేంది?"

"ఏంది?"

"కుడిచేత్తో కాల్చెటోని చెంప ఎటు ఆనుతది? కట్టెకు ఎడమ దిక్కు ఆనుతది. నీ చెంప ఆనే ఎడమ దిక్కు పాలిషు నిన్న పెట్టినట్టుంది, నిగనిగ. దుమ్ము కూడ పట్టింది. కుడి దిక్కు చూడు, అరిగి తెల్లగైంది."

"గోడకు రాసుకొని ఉంటది."

"గోడ పౌడరు పూసుకుంటదా?"

"ఏం పౌడరు?"

"వాసన చూడు. మొఖం పౌడరు, కొబ్బరినూనె. ఎప్పటిసంది పౌడరు కొడుతున్నవు?"

"ఎండకు మొఖం మండుతుందని..."

"బొగ్గుబాయిల అంతకాలం నల్లగ తిరిగినోనికి ఇప్పుడు ఎండ మండుతుందా! సవరయ్యా, నేను తుపాకులు చూసి మనిషిని చెప్పేటోన్ని. నువ్వు ఎడమ భుజం మీద కాలుస్తున్నవు. చానా రోజులసంది కాలుస్తున్నవు. కుడిచేతోడు ఎడమకు ఎందుకు మారుతడు? ఒక్కదానికే మారుతడు."

"దేనికి?"

"ఎడమ కన్ను మూసుకో."

"ఎందుకు?"

"మూసుకొమ్మంటుంటే! ఆ, ఇప్పుడు గోడ మీది క్యాలెండరు చదువు."

"అది ఉర్దూల ఉంది."

"అంకెలు చదువుర భాయ్, అంకెలు!"

"అంకెలా... ఆగు, చదువుత."

"చదువు."

"మబ్బుగుంది."

"ఎంత మబ్బు?"

"క్యాలెండరు ఏ గోడకుందో చెప్పు, చదువుత."

"తౌబా! సవరయ్యా! కుడి కన్ను పోయిందా నీది?"

"మెల్లగ మాట్లాడు, బజారు వింటది. షుగరు. నరం ఎండిపోయిందన్నడు డాక్టరు. ఆపరేషను చేసినా రాదన్నడు."

"ఎప్పుడు?"

"అయింది."

"అయింది అంటే ఎప్పుడు?"

"చాయ్ తెప్పియ్యవా భాయ్, గొంతు ఎండుతుంది."

"మలికా బేటీ! మామకు చాయ్! షుగరు లేకుండ! ... విను సవరయ్యా. నేను ఈ పని చెయ్య."

"అట్లనకు."

"చెయ్య. మా అబ్బాజాన్ ఈ దుకాణం నా చేతిల పెట్టేటప్పుడు ఒక్కటే మాట చెప్పిండు. కన్ను మసకైనోనికి తుపాకి కట్టకు, కట్టిన చెయ్యి పాపం మోస్తది అన్నడు. నువ్వు ఒంటికన్నుతోని ఏన్కూరు పోయి కాలుస్తవా? తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరెటోళ్లు చెట్ల కింద వంగి ఉంటరు. వాళ్లను చూసి పంది అనుకుంటే ఏం చేస్తవు?"

"నాకు కాదంటుంటే వినవేంది? నా దోస్తుకు!"

"దోస్తు, దోస్తు! ఏది, బైబిలు మీద ప్రమాణం చెయ్యి."

"ప్రమాణం చెయ్యొద్దని బైబిల్లనే ఉంది."

"చూసినవా! జారిపోతనే ఉంటవు, బురదమట్ట చేప లెక్క!"

"భాయ్, కన్ను పోయిందని నీ ముంగట ఒప్పుకున్న. మా పాస్టరుకు కూడ చెప్పలే. గది చెప్పినోన్ని, ఇది ఎందుకు అబద్ధమాడుత?"

"మరి దోస్తు పేరు చెప్పు."

"అది మాత్రం చెప్ప."

"ఊరు?"

"మా ఊరే."

"ఎన్నడన్న ఈ దుకాణానికి వచ్చిండా?"

"వచ్చుడు... ఉంటది. ఇగో, ఈ గుడ్డ పట్టీ మీద ముడులేసి కొలతలు తెచ్చిన. మోచెయ్యి మలుపుకెళ్లి వేలు దాక ఈ ముడి. చెంపకెళ్లి భుజం దాక ఈ ముడి. తీసుకో, కట్టు, అయిపాయె."

"ఇటు తే. ... ఇదేం కొలత? ఇంత కురుచనా? ఇది ఎనిమిదో తరగతి పోరని చెయ్యి."

"దోస్తు జర పొట్టి."

"నేను గుర్తువట్టొద్దని చెయ్యి తగ్గించుకొని వచ్చినవా సవరయ్యా? బొంబాయి పారిపోయెటోడు మీసం గీక్కున్నట్టు? నీ చెయ్యి కొలత నాకు నోటికొస్తది. ఇటు చాపు."

"నాది కాదయ్యా బాబూ!"

"చాపు!"

"సలాం మామా. అబ్బా, లొల్లి బయటి దాక వినొస్తుంది. ఇగో చాయ్."

"రామ్మా మలికా. మీ అబ్బకు జర చెప్పు. నా దోస్తుకు కుందా కట్టుమంటే నా చెయ్యి గుంజుతుండు."

"మలికా, నువ్వే చూడు బేటీ. ఎడమచేతి పొట్టి దోస్తంట. పేరు లేదు, మొఖం లేదు. ఈ పట్టీ మీద కొలతలు తెచ్చిండు, చూడు."

"ఏది... మామా, ఈ పట్టీ మీ దోస్తే ఇచ్చిండా?"

"అవ్వమ్మా."

"ఆయన ఇంట్లకెళ్లి?"

"అవ్."

"మీ దోస్తు చీర కడుతడా మామా?"

"ఏంది బేటీ, ఏమంటున్నవు?"

"అబ్బా, ఇది చీర ఫాల్ ముక్క. నీలం చీరకు కుట్టంగ మిగిలింది. ఈ కొలతలు మగోళ్లవి కావు."

"సవరయ్యా, ఆ చాయ్ తర్వాత ఊదు. ఇటు చూడు. ఎవరిది ఈ ఫాల్?"

"వేడిగుంది భాయ్ చాయ్."

"మామా, నీలం చీర సంపూర్ణత్తది. పోయిన క్రిస్మస్‌కు నేనే ఫాల్ కుట్టిచ్చిన."

"ఇగ దాచి ఏం లాభం. అవ్. సంపూర్ణనే."

"సంపూర్ణ? మన సంపూర్ణ? రైఫిలు?"

"అవ్ భాయ్."

"ఆగు, ఆగు. యాడాది కింద నా కాడికొచ్చి, భాయ్, కాల్చినప్పుడు తుపాకి ఎనకకు తన్నే తన్ను తగ్గించు, భుజం గుంజుతుంది అన్నవు. నేను నీకు వయసైందనుకున్న. కంసాలి త్రాసు ముంగటేసుకొని, ఒక్కొక్క తూటాకు మందు తూచి, నింపి, కాల్చి, మళ్ల మార్చి, తన్ను తగ్గాలె గని గురి తప్పొద్దని నా పానం పోయింది. అదంత..."

"ఆమెకే. ఆ తూటాలొచ్చినంక భుజం కమిలుడు సగమైంది. నీకు దండం పెట్టమన్నది. ఎట్ల పెట్టాలె? చెప్పుకునే మాట కాకపాయె."

"మామా, అత్త ఎప్పుడు నేర్చుకున్నది?"

"జస్టిన్ మట్టి అయినంక. ఊర్లోళ్లందరిని తిట్టింది, తీగలు పీకెయ్యిండ్రి అని. రైతులేమన్నరు? పందులను నువ్వు ఆపుతవా అక్కా అన్నరు. నేను ఆపెటోన్నే, కాని నాకు కన్ను కనవడకపాయె. ఆ సంగతి ఆమెకొక్కదానికే ఎరుక. ఒకనాడు పొద్దున లేచి చూస్తే డాబా మీద ఖాళీ రైఫిలు పట్టుకొని, దూరంగ కొబ్బరికాయ దిక్కు చూస్తుంది. ఎడమ భుజానికి పెట్టుకున్నది. చిన్నప్పుడు ఎడమచేత్తో తింటుందని వాళ్లమ్మ వాతలు పెట్టిందంట, కుడికి మార్పిచ్చిందంట. తుపాకికి వాతలు పెట్టెటోళ్లు ఎవరు లేకపాయె, ఎడమకే పట్టింది."

"తూటా ఎక్కించే బోల్టు కుడిదిక్కుంటది గద సవరయ్యా. ఎట్ల గుంజుతది?"

"మీదికెళ్లి చెయ్యి తిప్పి గుంజుతది. రోట్లె పచ్చడి నూరినట్టు చకచక."

"నువ్వేం చేస్తవు?"

"గాలి చెప్త. దూరం చెప్త. దూరం చూసుటానికి ఒక కన్ను చాలు. జంతువు వెనుక ఎవరన్న ఉన్నరేమో ఆమె తూటా పెట్టకముందే లేచి చూసొస్త. ఆమెకు పక్కాగ కనవడకపోతే కాల్చదు భాయ్. ఎన్నిసార్లు ఊకెనే తిరిగొచ్చినమో. నేనే, కొట్టు కొట్టు అంటుంటే, నోర్ముయ్యి అంటది."

"అది మంచి షూటరు లక్షణం. కాని లైసెన్సు నీ పేరు మీద ఉండంగ..."

"తప్పే. ఊర్ల గుట్టు గుట్టుగ నడిచింది. దొరికితే ఇద్దరం లోపలుంటుంటిమి. అందుకే తుపాకి ఆమె పేరు మీదికి మార్పించిన. తిరిగి తిరిగి మొన్ననే వచ్చింది ఆమెకు లైసెన్సు. ఇగ దొంగతనం లేదు, సాఫ్. బేస్తవారం ఆమె పేరు పిలుస్తరు. అందరి ముంగట కాల్చాలె. నా కొలత కుందా ఆమెకు అందక, మెడ సాపి సాపి కాలుస్తది. ఊర్ల నడుస్తది గని, ఆఫీసర్ల ముంగట గురి తప్పితే? ఒక్కసారి తప్పితే చాలు, ఆడిదానికి తుపాకెందుకని నవ్వుతరు. మళ్ల తీగలొస్తయి."

"మరి గింత సంగతి ఉంటే ఆమెనే తీసుకొని రాకపోయినవా? ఈ దోస్తు గీస్తు ఏంది? చెల్లెకు సిగ్గా?"

"ఆమెకెందుకు సిగ్గు? ఆమె ఎప్పటిసందో పోదాం పా అంటుంది. సిగ్గు నాకు."

"నీకెందుకు?"

"ఎందుకంటవేంది భాయ్! బస్సెక్కితే షూటరు సవరయ్య వచ్చిండు, జాగ ఇయ్యిండ్రి అంటరు. సర్పంచు కుర్సీ ఏస్తడు. చాయ్‌కు పైసలు తీసుకోరు. కన్ను పోయిన నాడు నాకు అంత బాధ కాలే. ఈ పేరు పోతదంటేనే నిద్రపట్టలే. ఆమె పేరు ఆమెకు ఇయ్యాలని మనసుల ఉంది, ఇచ్చేటప్పుడు చెయ్యి వస్తలేదు. సాలా, దోస్తు అని చెప్తే నీకాడన్న కొన్నాళ్లు షూటరు లెక్క ఉందామనుకున్న."

"అరే పాగల్. కండ్లు తుడుచుకో. చాయ్‌ల పడుతున్నయి."

"చాయ్ చప్పగుంది ఎట్లైన."

"మలికా, లోపల అటక మీద అక్రోటు చెక్క ఉంటది, బట్టల చుట్టి. తీసుకురా."

"అబ్బా, అది నీ కోసం దాచుకున్నవు గద? జమ్మూకెళ్లి తెప్పిచ్చి?"

"నా భుజం ఏం ఉద్ధరిస్తుంది? తీసుకురా. చెల్లెకు కడదాం. జిట్రేగి కట్టె బరువైతది, ఆమె చేతికి ఇదే మంచిది."

"అబ్బా, ఫాల్ ముక్క కొలతలు పనికిరావు. రేపు అత్తను రమ్మందాం, నేను కొలుస్త. ఆడోళ్లకు కుందా కింది మూల జర బయటికి మలవాలె, లేకపోతే ఎదకు పొడుస్తది. అందుకే కమిలి ఉంటది భుజం. మీ మగోళ్లకు అది తెల్వదు."

"విన్నవా? రేపు పొద్దున తీసుకొని రా సంపూర్ణను. రాత్రి పగలు కూసొని బేస్తవారానికి ఇస్తం. అడ్వాన్సు వద్దు, ఏం వద్దు. చెల్లెకు అన్న కట్నం అనుకో."

"భాయ్... నాకు మాటలొస్తలేవు."

"పొద్దటిసంది అబద్ధాలు మస్తుగ వచ్చినయి. విను, ఇంకొకటి. పేరు పోతదని ఏడ్వకు. ఆమె పేరు ఆమెకియ్యి, నీ పేరు ఏడికి పోదు. ఆ ఫొటో ఉంది గద! ఆ గోడ మీదకెళ్లి తియ్య నేను. ఆమె ఎన్ని పందులు కొట్టినా సరే, వాగు దాటి, ఒకటే గుండుకు, అంత దూరం... అది మాత్రం నీదే. ప్రతి గిరాకీకి చెప్త. నా దోస్తు సవరయ్య కొట్టిండు అని చెప్త. ఏం బేటీ, అంతే గద? ... ఏందట్ల ఫొటో దిక్కు చూస్తున్నవు?"

"మామా, ఒక్కటి అడుగుత. నీ మెడల దండుంది, చేతిల రైఫిలుంది, మంచిగనే ఉంది. అత్త చేతిల ఫ్లాస్కు ఉంది. ఆ ఫ్లాస్కు మూత నీ చొక్క జేబుల ఎందుకుంది?"

"ఏది? మలికా, కండ్లద్దాలియ్యి నాకు. ... అరే, అవ్! సవరయ్యా, ఏందిది?"

"అది... ఆ పొద్దు ఫ్లాస్కు పట్టుకున్నది నేను భాయ్. ఫొటో తీస్తరనంగనే జల్దీ జల్దీ మార్చుకున్నం, మూత ఇచ్చుడు మర్చిపోయిన."